మానేశాక తోడెవరు?

ఏటా జూన్ 26 వస్తే మన కాలేజీల్లో హడావుడి మామూలుగా ఉండదు. మాదక ద్రవ్యాల వ్యతిరేక దినం కదా! ర్యాలీ, ప్లకార్డులు, ప్రతిజ్ఞ, చివర్లో గ్రూప్ ఫొటో. ఇవి వద్దని కాదు. కానీ ప్రతిజ్ఞకు చెయ్యి చాచినవాళ్లలో అప్పటికే మత్తుకు చిక్కినవాడు ఒకడుంటే, ఫొటో అయ్యాక వాడు ఎటు వెళ్లాలి? ‘వద్దు’ అని చెప్పడం మనకు బాగా వచ్చు. ‘మానాలనుంది, ఎలా?’ అని అడిగినవాడికి కాసేపు కూర్చునే చోటు చూపించడమే రాదు.

అలాంటి చోటే సపోర్ట్ గ్రూప్. మత్తు నుంచి బయటపడాలనుకునేవాళ్లు, బయటపడి ఏళ్లు గడిచినవాళ్లు ఒకచోట కలిసి మాట్లాడుకునే బృందం అది. ఉద్యోగాల వేటలో ఉన్న మాకు ఇదంతా ఎందుకంటారా? ఈ వయసులో చేజారిన రెండేళ్ల ప్రభావం కెరీర్ మొత్తం మీద పడుతుంది. ఆ స్థితిలో ఉన్నది మీరు కాకపోవచ్చు. మీ రూమ్మేటో, పక్క బెంచీ ఫ్రెండో కావచ్చు.

పట్టుదల ఒక్కటీ చాలదా?

చాలదు. ‘గట్టిగా అనుకుంటే ఎందుకు మానలేడు?’ అని తేలిగ్గా అనేస్తాం. కానీ వ్యసనం తిరగబెట్టే స్వభావమున్న జబ్బు. చికిత్స తర్వాత 40 నుంచి 60 శాతం మందిలో అది మళ్లీ వస్తుందని అమెరికాలోని మాదక ద్రవ్య వ్యసనాల జాతీయ పరిశోధన సంస్థ అంచనా. బీపీ, ఆస్తమా లాంటి దీర్ఘకాలిక జబ్బులు తిరగబెట్టడంతో ఆ సంస్థ దీన్ని పోలుస్తుంది. మందులు ఆపి మళ్లీ బీపీ పెంచుకున్న మామయ్యను మనం ‘క్యారెక్టర్ లేనివాడు’ అనం కదా!

కొన్నాళ్లు ఆస్పత్రిలో ఉంటే ఒంట్లోని మత్తు దిగుతుంది. అసలు పరీక్ష డిశ్చార్జి అయ్యాకే. అదే గది, అదే టీ కొట్టు, ‘ఒక్కసారికి ఏం కాదులే మామా’ అనే అదే దోస్తులు. దానికి తోడు ప్లేస్‌మెంట్ టెన్షన్, వరసగా రిజెక్షన్ మెయిళ్లు, ‘ఏమైంది రా?’ అంటూ ఇంటి నుంచి ఫోన్లు. జారిపోయే ప్రమాదం ఇక్కడే. హెరాయిన్ లాంటి మత్తులకు అలవాటుపడ్డవాళ్లకైతే ప్రాణాల మీదకే రావచ్చు. ఎందుకంటే కొన్నాళ్లు మానేసిన శరీరం పాత మోతాదును తట్టుకోలేదు.

ఒక్కసారి ఆలోచించండి. కాలేజీలో మత్తు అలవాటయ్యేది చాలావరకు నలుగురి మధ్యే. అలవాటు చేయడానికి నలుగురు ఉన్నప్పుడు, వదిలించుకునే పని మాత్రం ఒంటరిగా చేసుకోమనడం ఏం న్యాయం?

అక్కడ ఏం జరుగుతుంది?

ఈ పద్ధతికి 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో పునాది పడింది. తాగుడుతో అల్లాడిన స్టాక్ బ్రోకర్ బిల్ విల్సన్, సర్జన్ బాబ్ స్మిత్ ఒకరికొకరు తోడుంటే తాగకుండా నిలబడగలమని గుర్తించారు. అలా ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. అదే దారిలో 1953లో కాలిఫోర్నియాలో డ్రగ్స్ బాధితుల కోసం నార్కోటిక్స్ అనానిమస్ మొదలైంది. హైదరాబాద్‌లోనూ దీని సమావేశాలు జరుగుతున్నాయి. ఫీజు లేదు. ఇంటిపేరు, కాలేజీ పేరు చెప్పనక్కర్లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు, సభ్యులే.

అక్కడ ఎవరూ క్లాసు పీకరు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వింటారు. మత్తు లేకుండా కొన్నేళ్లుగా నిలబడ్డ సభ్యుణ్ని కొత్తవాళ్లు ‘స్పాన్సర్’గా ఎంచుకోవచ్చు. అంటే, రాత్రి పదకొండింటికి మనసు లాగితే ఫోన్ చేయడానికి ఒక మనిషి ఉంటాడన్నమాట. జీవితాంతం ముట్టనని ఒట్టు వేయమనరు. ఈ ఒక్కరోజు ముట్టకుండా ఉండు చాలంటారు. 30, 60, 90 రోజులు పూర్తయితే చిన్న కీ ట్యాగ్ ఇచ్చి అభినందిస్తారు. ఇంట్లో నమ్మకం పోగొట్టుకున్న కుర్రాడికి అది ఆఫర్ లెటర్‌కేం తీసిపోదు.

ఇది ఉత్త ఓదార్పేనా? ఆల్కహాలిక్స్ అనానిమస్‌పై 27 అధ్యయనాలను పరిశీలించి 2020లో వెలువడిన కొక్రేన్ సమీక్ష కాదనే అంటోంది. రోగుల్ని ఈ బృందాల్లో చేర్పించే చికిత్సలు, మద్యానికి పూర్తిగా దూరంగా ఉంచడంలో ఇతర ప్రసిద్ధ చికిత్సల కంటే మెరుగైన ఫలితాలిచ్చాయని తేల్చింది. అయితే అది మద్యం సంగతి. డ్రగ్స్ విషయంలో ఆధారాలు అంత బలంగా లేవు. అందుకే గ్రూప్ ఉంది కదాని డాక్టర్‌ను వదిలేయకూడదు. అలవాటుపడ్డ మద్యాన్నీ నిద్రమాత్రల్నీ ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు. డాక్టర్ రాసిన మందులు ఆపమని గ్రూపులో ఎవరైనా చెబితే వినకండి. ఆ సమావేశాల్లో వినిపించే ఆధ్యాత్మిక మాటలు కొందరికి నచ్చకపోవచ్చు. అలాంటివాళ్లు ఆస్పత్రుల్లో జరిగే గ్రూప్ కౌన్సెలింగ్ గురించి డాక్టర్‌ను అడగొచ్చు. మాట కలపడానికి మనుషులుండాలి, అదీ ముఖ్యం.

బయటపడితే కెరీర్ ఫినిషా?

చాలామందిని ఆపేది ఈ భయమే. చట్టం ఏమంటుందో చూడండి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. మత్తు వాడకం కేసో, స్వల్ప పరిమాణం కేసో ఉన్న వ్యసనపరుడు ప్రభుత్వ ఆస్పత్రిలో గానీ, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో గానీ తనంతట తాను చికిత్సకు చేరితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కొన్ని మినహాయింపులతో మీ చికిత్స వివరాలకు గోప్యత ఇస్తుంది. మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలూ ఈ చట్టం పరిధిలోకే వస్తాయి.

దాచిపెడితే మేలనుకుంటే పొరపాటే. కొన్ని కంపెనీలు చేర్చుకునే ముందు డ్రగ్ టెస్ట్ చేయిస్తాయి. రోజూ గంజాయి తాగేవాళ్ల మూత్రంలో దాని ఆనవాళ్లు వారాల తరబడి కనిపించొచ్చు. ఇంటర్వ్యూలో ‘ఈ ఏడాది గ్యాప్ ఏంటి?’ అని అడిగితే కట్టుకథలు వద్దు. ‘ఆరోగ్య సమస్యకు చికిత్స తీసుకున్నాను, ఇప్పుడు పనికి సిద్ధంగా ఉన్నాను’ అంటే అది నిజమే, సరిపోతుంది కూడా. ఆ మాట ధైర్యంగా అనాలంటే ముందు నిజంగానే కోలుకోవాలి.

మీ ఫ్రెండ్ ఇబ్బందిలో ఉంటే తిట్టకండి, వీడియో తీయకండి, అడిగినప్పుడల్లా డబ్బులూ ఇవ్వకండి. మొదటిసారి వాడితో పాటు మీరూ వెళ్లండి. బయటివాళ్లూ వచ్చి కూర్చోగల ‘ఓపెన్’ సమావేశాలుంటాయి. ఎటు వెళ్లాలో తెలియకపోతే వ్యసన విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది. మనసు బాగోలేకపోతే టెలిమానస్ 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక కాలేజీలు చేయాల్సింది చాలా చిన్నది. ర్యాలీకి రోడ్డంతా ఇస్తున్నాం, వారానికి ఒక సాయంత్రం గంటసేపు ఒక గది ఇవ్వలేమా? వచ్చినవాళ్ల పేర్లు రాయని గది, సీసీ కెమెరా లేని గది, క్రమశిక్షణ కమిటీ తొంగిచూడని గది. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ ఏడాది పొడవునా రెజ్యుమేలు దిద్దుతారు. వాటి వెనకున్న మనిషి నిలబడితేనే కదా రెజ్యుమేకు విలువ! ఈ వారమే నలుగురు కలిసి మీ ప్రిన్సిపల్ దగ్గరకు వెళ్లి ఆ గది అడగండి. ఎవరి కోసమో చెప్పనక్కర్లేదు.