ప్రీలాంచ్‌కు అంత తొందరెందుకు?

గత సంచికలోని వ్యాసం తొలి ఇల్లు కొనే హైదరాబాద్ కుర్రజంటలను ప్రీలాంచ్ వైపు తరిమింది. 2016 నాటి రెరా చట్టం ఊసే లేదు. రెరా నమోదు తప్పనిసరైన ప్రాజెక్టులో అది లేకుండా బుకింగులు తీసుకోవడమే చట్టవిరుద్ధం. నమోదైనా సరే, రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేనిదే పది శాతం మించి అడ్వాన్సు పుచ్చుకోకూడదు. రంగుల బ్రోచర్ చూపి మొత్తం సొమ్ము ఒకేసారి కట్టమంటే, ఆ ‘డిస్కౌంటు’ దేనికని అడగొద్దూ?

వ్యాసంలో లెక్కా సగమే. నిర్మాణంలోని 80 లక్షల ఫ్లాటుకు బ్యాంకు ఇచ్చేది మహా అయితే 64 లక్షలు. చేతి నుంచి 16 లక్షలు పెట్టాక, తెలంగాణలో రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం చొప్పున 6 లక్షలు, జీఎస్టీ 4 లక్షలు. పార్కింగ్, కార్పస్ ఫండ్ వడ్డన వేరే.

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక అమ్మే ఫ్లాటుకు జీఎస్టీ లేదు. వ్యాసకర్త ఆ దారి చూపనే లేదు.