హాల్లో డబ్బా లెక్క ఎవరు అడుగుతారు?

కరెంటు బిల్లు రాగానే చాలా ఇళ్లలో విచారణ వంటింట్లోనే మొదలవుతుంది. మిక్సీ ఎంతసేపు తిప్పావు, గీజర్ ఆపావా లేదా, రోజూ ఇస్త్రీ చెయ్యకపోతే ఏం అని! హాల్లో టీవీ వెనకాల ఇరవైనాలుగు గంటలూ మిణుకుమనే వైఫై డబ్బా జోలికి మాత్రం ఎవరూ వెళ్లరు. అది మగవాళ్లు పెట్టించిన వస్తువు కనకనేమో!

దాని లెక్కా చూద్దాం. ప్లగ్గులో పెట్టే అడాప్టర్ మీద సన్నటి అక్షరాల్లో 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అనో, అలాంటిదేదో రాసి ఉంటుంది. రెండూ గుణిస్తే 18 వాట్లు. అది గరిష్ఠం. మామూలుగా తినేది పది వాట్లు, అటూ ఇటూగా. పది వాట్లేగా అనకండి. రోజుకి పావు యూనిట్, నెలకి ఏడు యూనిట్లు, ఏడాదికి 87. అదే 500 వాట్ల మిక్సీని రోజూ పది నిమిషాలు తిప్పినా నెలకి రెండున్నర యూనిట్లే. మరి తిట్లు ఎవరికి పడాలి?

ఏసీ, గీజర్ల ముందు ఇది చిన్నదే, ఒప్పుకుంటాను. కానీ లక్ష ఇళ్లలో లక్ష డబ్బాలంటే ఒక మెగావాట్, రాత్రీ పగలూ. పరవాడ సింహాద్రిలో మండే బొగ్గు లెక్కన చూస్తే యూనిట్‌కి సుమారు ఏడు వందల గ్రాములు. అంటే ఒక్కో డబ్బాకి ఏడాదికి అరవై కిలోలు! బొగ్గు పొడి సంగతి పోర్టు పక్కనున్న వన్‌టౌన్ ఆడవాళ్లని అడగండి, ఆరేసిన బట్టలు తెచ్చి చూపిస్తారు. 2025 అక్టోబరులో గూగుల్ మన ఊరికి డేటా సెంటర్ ప్రకటించాక దానికెంత కరెంటు కావాలో అని అందరూ మాట్లాడేవాళ్లే. మనింటి డబ్బా మాటే రాదు.

రాత్రి పదకొండు నుంచి పొద్దున్న అయిదు దాకా ఆపితే నాలుగో వంతు మిగులుతుంది. డబ్బుల్లో ఏడాదికి నూరో, నూటపాతికో. పెద్ద మొత్తమేం కాదు. అయితే స్టీల్‌ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్‌కి వెళ్లిన మనిషి దగ్గర్నుంచి ఫోను రావచ్చు. సిగ్నల్ అందని ఇంట్లో వైఫై ఉంటేనే అది మోగుతుంది. కొడుకో కూతురో అమెరికాలో ఉన్న తల్లి సంగతీ అంతే. అలాంటి ఇంట్లో ఆపమని నేను చెప్పను.

నా కోపం వేరే. ఫ్రిజ్ కొనేటప్పుడు చుక్కలు లెక్కపెట్టి కొంటాం. ఈ డబ్బాని చాలాసార్లు కనెక్షన్‌ వాళ్లే తెచ్చి బిగించి పోతారు. ఎంపిక వాళ్లది, బిల్లు మనది! ఇలాంటివి ఊరికే ఉన్నప్పుడు ఎంత కరెంటు తినచ్చో ఐరోపా దేశాలు 2013లోనే హద్దు పెట్టుకున్నాయి. మనకీ అలాంటిది ఉండాలి. అంతదాకా, బిగించడానికొచ్చిన అబ్బాయిని కనీసం స్విచ్చు చేతికందేచోట పెట్టమనండి. టీవీ బల్ల వెనక మూల్లో పెట్టిపోతే, ఆపుదామన్నా వంగలేని అత్తగార్లున్నారు!