సేవ చేస్తాం... జీతమూ అడుగుతాం!



డిగ్రీ అయ్యాక ఏం చేస్తావని అడిగితే మన హాస్టళ్లలో ఎప్పుడూ వినిపించే జవాబులు మూడే. గ్రూప్స్, డీయస్సీ, కానిస్టేబుల్. ఈమధ్య నాలుగో జవాబు కూడా వినిపిస్తోంది. “పిల్లల కోసం పనిచేసే ఫారిన్ సంస్థలో ఉద్యోగం!” కంచరపాలెం ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు చేసుకుని ఎదురుచూస్తున్న మాలాంటి పి.జి. విద్యార్థుల్లో చాలామంది మనసులో ఈ ఆశ ఉంది.

ఆ ఆశలో తప్పేమీ లేదు. ట్రంకు పెట్టె, ప్లేటు, గ్లాసు పట్టుకుని చిన్నతనంలోనే ఇల్లు వదిలి వచ్చినవాళ్లం మనం. ఇంటికి దూరంగా ఉన్న పిల్లవాడికి అర్ధరాత్రి జ్వరం వస్తే ఎలా ఉంటుందో మనం పుస్తకాల్లో చదివి తెలుసుకోనక్కర్లేదు. పిల్లల కోసం పనిచేయడానికి మనకంటే తగినవాళ్లు ఎవరుంటారు?

కానీ ఇంటర్వ్యూలో కూర్చుని జీతం ఎంత, పి.ఎఫ్. ఉందా అని అడిగితే చాలు, ఎదుటివాళ్ల ముఖం మారిపోతుంది. “మీరు సేవ చేయడానికి వచ్చారా, జీతం కోసం వచ్చారా?” అని ఎదురు ప్రశ్న వస్తుంది. మాతో చదివిన కొందరికి ఈ అనుభవం ఎదురైంది. ఆ ప్రశ్నకు ఈ సంచిక ద్వారా మేము జవాబు చెప్పదలచుకున్నాం. రెండింటికీ వచ్చాం! జీతం, భద్రత లేని సేవ ఇంట్లో ఆస్తి ఉన్నవాళ్లు మాత్రమే చేయగలిగిన సేవ. అలాగే జరిగితే పేద పిల్లల గురించి ఎప్పటికీ పెద్దింటి పిల్లలే మాట్లాడతారు, మనం వినాల్సి వస్తుంది.

ముందు ఈ సంస్థల సంగతి కొంచెం తెలుసుకుందాం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఆకలితో చనిపోతున్న శత్రుదేశాల పిల్లల కోసం 1919లో ఎగ్లంటైన్ జెబ్, ఆమె సోదరి డొరొతీ బక్స్‌టన్ లండన్‌లో ‘సేవ్ ద చిల్డ్రన్’ స్థాపించారు. జెబ్ తయారుచేసిన బాలల హక్కుల ప్రకటనను 1924లో నానాజాతి సమితి ఆమోదించింది. 1949లో ఆస్ట్రియాలోని ఇమ్‌స్ట్ పట్టణంలో హెర్మన్ గ్మైనర్ ‘ఎస్.ఓ.ఎస్. బాలల గ్రామం’ మొదలుపెట్టాడు. మన దేశానికి ఆ సంస్థ 1964లో వచ్చింది. మన విశాఖ ప్రాంతంలోనూ వారి బాలల గ్రామం ఉంది.

ఈ ఎస్.ఓ.ఎస్. పద్ధతిని మనం గమనించాలి. అక్కడ ఒక్కో ఇంట్లో కొంతమంది పిల్లలు, వారికి ఒక ‘అమ్మ’ ఉంటారు. ఆ అమ్మ ఉద్యోగి. ఆమెకు శిక్షణ ఉంది, నెల జీతం ఉంది, వయసు మళ్లాక ఆసరా ఏర్పాట్లు ఉన్నాయి. జీతం తీసుకుంటే అమ్మ ప్రేమ తగ్గిపోతుందని ఆ సంస్థ అనుకోలేదు. ఆమె రేపటి గురించి దిగులు పడకపోతేనే పిల్లల దగ్గర నిలకడగా ఉంటుందని అనుకుంది. అమ్మతనానికే జీతం అడ్డు కానప్పుడు ఫీల్డ్‌వర్కర్ సేవకు ఎలా అడ్డవుతుంది?

అయితే అన్నిచోట్లా పరిస్థితి ఇలా లేదు. అంతర్జాతీయ సంస్థ అనగానే విదేశీ జీతాలు, కుటుంబానికంతటికీ వైద్య బీమా, వేసవిలో సెలవులు అని మనం ఊహించుకుంటాం. అవి లేవని కాదు. ఉన్నాయి, కానీ పై మెట్టు మీద. యునిసెఫ్ సంగతే తీసుకోండి. అది ఐక్యరాజ్యసమితి సంస్థ. అక్కడి రెగ్యులర్ ఉద్యోగులకు ఐక్యరాజ్యసమితి పింఛను నిధి ఉంది. అదే ఆఫీసులో కన్సల్టెంటుగా పనిచేసేవారికి ఆ పింఛను లేదు. ఇక చాలా అంతర్జాతీయ సంస్థలు ఊళ్లలో, బస్తీల్లో నేరుగా పనిచేయవు. స్థానిక సంస్థలతో చేయిస్తాయి. కరపత్రం మీద పెద్ద సంస్థ బొమ్మ ఉంటుంది. నియామక పత్రం మీద చిన్న సంస్థ పేరు ఉంటుంది. ఒక్కోసారి నియామక పత్రమే ఉండదు.

ఇది విశాఖవాళ్లకు వివరించి చెప్పాల్సిన విషయం కాదు. స్టీలు ప్లాంటు, పోర్టు, డాక్‌యార్డు ఉన్న ఊరు మనది. ఒకే గేటులోంచి లోపలికి వెళ్లే ఇద్దరిలో ఒకరు పర్మినెంటు, ఒకరు కాంట్రాక్టు. చేతిలో పని ఒకటే అయినా బతుకులు వేరు. కంచరపాలెంలో పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు కూడా “పర్మినెంటేనా?” అని అడుగుతారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర అడిగే ప్రశ్న పిల్లల సంస్థ గేటు దగ్గర ఎందుకు అడగకూడదు?

ఇంకో మాయమాట ఉంది, ‘గౌరవ వేతనం’. ఆ మాటలో గౌరవం కనిపిస్తుంది, చేతికొచ్చే వేతనంలో కనిపించదు. జీతం అంటే పి.ఎఫ్. కట్టాలి, సెలవులు ఇవ్వాలి. గౌరవ వేతనం అంటే ఇచ్చింది తీసుకుని నమస్కారం పెట్టాలి! దీని బాధ ఏమిటో మన అంగన్‌వాడీ అక్కలను అడగండి. 1975లో మొదలైన ఐ.సి.డి.ఎస్. పథకంలో వారు తరతరాల పిల్లలను సాకుతున్నారు. వారికి గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పింది 2022 ఏప్రిల్‌లో! ఆ తర్వాత కూడా గ్రాట్యుటీ కోసం, వేతనాల పెంపు కోసం మన రాష్ట్రంలో 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు సమ్మె చేయాల్సి వచ్చింది. వారు పిల్లల మీద ప్రేమ లేక రోడ్డెక్కారా? కాదు. పిల్లలను చూసుకునేవారికీ పిల్లలుంటారు కాబట్టి రోడ్డెక్కారు.

దీనికి ఎదురువాదన లేకపోలేదు. “దాత ఇచ్చిన రూపాయి పిల్లవాడికి చేరాలి గానీ ఉద్యోగుల జీతాలకు పోకూడదు” అంటారు. ఈ మాటలో న్యాయం ఉంది. పిల్లల ఫోటోలు చూపించి తెచ్చిన డబ్బుతో పైవాళ్లు విలాసంగా బతికితే అది ద్రోహమే. ప్రభుత్వం కూడా 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. కానీ ఒక విషయం గమనించండి. ఆ చట్టం కింద ఉన్న నిబంధనలే బడిలో టీచరు జీతాన్ని, ఆసుపత్రిలో డాక్టరు జీతాన్ని పరిపాలనా ఖర్చుగా లెక్కించవద్దంటున్నాయి. అంటే పిల్లవాడికి చదువు చెప్పే మనిషే ఆ పిల్లవాడికి అందిన సాయం. బడి మానేసిన పిల్లను తిరిగి బడికి తేవాలంటే ఒక మనిషి ఆ ఇంటికి పదిసార్లు తిరగాలి. ఆ మనిషి ఆరు నెలలకోసారి మారిపోతుంటే ఆ పిల్ల ఎవరిని నమ్ముతుంది? మన హాస్టల్లోనే చూడండి. వంటమనిషికి, వాచ్‌మన్‌కి నెలల తరబడి జీతం ఆగితే ఆ కష్టం చివరికి ఎవరి ప్లేటులో కనిపిస్తుంది?

ఈ ఉద్యోగాలు ఎంత నిలకడ లేనివో కూడా తెలుసుకోవాలి. కంపాషన్ ఇంటర్నేషనల్ అనే అమెరికా సంస్థ దేశంలో సుమారు 1,45,000 మంది పిల్లలకు సాయం చేసేది. విదేశీ నిధులకు అనుమతి దొరక్క 2017 మార్చిలో ఇక్కడ పని ముగించుకుంది. 2020 సవరణతో ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు ఇవ్వడం నిషేధమైంది. దానితో ఊళ్లలోని చిన్న సంస్థల పని చిక్కుల్లో పడింది. 1996లో ముంబైలో మొదలైన 1098 చైల్డ్‌లైన్‌ను దేశమంతటా స్వచ్ఛంద సంస్థలు నడిపేవి. 2023లో ప్రభుత్వం దాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. ఏళ్ల తరబడి రాత్రీపగలూ ఫోనెత్తిన ఎందరో వేరే పని వెతుక్కోవాల్సి వచ్చింది. 2025లో అమెరికా ప్రభుత్వం యు.ఎస్.ఎయిడ్‌ను మూసివేస్తే ప్రపంచమంతటా ఈ రంగంలో వేలాది ఉద్యోగాలు పోయాయి. ఈ నిర్ణయాలు మంచివా, చెడ్డవా అన్నది వేరే చర్చ. ఎక్కడో తీసుకున్న నిర్ణయంతో ఇక్కడ ఉద్యోగం పోవచ్చన్నది మాత్రం నిజం. పోయినా నిలబడేవాడు ఇంట్లో అండ ఉన్నవాడే. మాలో చాలామంది ఇంట్లో డిగ్రీ పట్టా మొదట చూసింది మేమే. మొదటి జీతం రాకముందే దాని మీద ఆధారపడేవాళ్లు నలుగురుంటారు. చెల్లెలి ఫీజు, నాన్న మందులు, తీర్చాల్సిన అప్పు. మన వెనుక పి.ఎఫ్. ఖాతా తప్ప వేరే ఆస్తి ఉండదు.

అందుకే చేరబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా సలహా. ఈ ఐదు విషయాలు అడగకుండా సంతకం పెట్టవద్దు.

ఒకటి: నియామక పత్రం ఎవరి పేరుతో ఇస్తారు? బోర్డు మీద పేరు కాదు, జీతం ఇచ్చేవారి పేరు చూడాలి.

రెండు: పి.ఎఫ్. ఉందా? 20 మంది, ఆపైన పనిచేసే సంస్థ మన జీతంలోంచి 12 శాతం కోసి, అంతే మొత్తం తన వాటాగా కట్టాలి. మన వాటా కోయడమే కాదు, ఖాతాలో పడిందో లేదో చూసుకోవాలి.

మూడు: ఇ.ఎస్.ఐ. ఉందా? నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. మన మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా మల్కాపురం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలో వైద్యం చేయించవచ్చు. జీతం అంతకంటే ఎక్కువైతే సంస్థ బీమా ఏమిటో, అందులో అమ్మానాన్నలు ఉన్నారో లేదో అడగాలి.

నాలుగు: ఒప్పందం ఎన్నాళ్లు? మధ్యలో ప్రాజెక్టు ఆగితే ఎన్ని రోజుల ముందు చెబుతారు? ఇదివరకు గ్రాట్యుటీకి ఐదేళ్లు నిండాలి, రెండు మూడేళ్ల ప్రాజెక్టులో అది ఎవరికీ దక్కేది కాదు. 2025 నవంబరు 21 నుంచి అమలైన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం నిర్ణీత కాలపు ఉద్యోగికి ఏడాది పనిచేసినా గ్రాట్యుటీ హక్కు ఉంది.

ఐదు: చెల్లెళ్లు తప్పకుండా అడగాల్సింది. 26 వారాల ప్రసూతి సెలవు ఇస్తారా? లైంగిక వేధింపుల మీద ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉందా? పదిమంది, ఆపైన పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం అది ఉండాలి. సేవా సంస్థ కదా అని ఊరుకోవద్దు. మహిళా ఉద్యోగుల ఫిర్యాదుల విషయంలో సరిగా వ్యవహరించలేదని బ్రిటన్‌లోని సేవ్ ద చిల్డ్రన్‌నే అక్కడి చారిటీ కమిషన్ 2020లో తప్పుబట్టింది.

ఇవి అడిగితే ఉద్యోగం రాదేమోనని భయం ఉంటుంది. మాకూ ఉంది. ఒక్కరు అడిగితే పొగరు అంటారు. మన హాస్టళ్ల నుంచి వెళ్లే ప్రతి ఒక్కరూ అడిగితే అది అలవాటవుతుంది. ఇప్పటికే ఇలాంటి సంస్థల్లో మంచి స్థానాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. మీ కింద పనిచేసే ఫీల్డ్‌వర్కర్ నియామక పత్రం ఒక్కసారి తెప్పించుకుని చదవండి. మీకున్న సౌకర్యాల్లో ఏవి ఆ కాగితంలో లేవో లెక్కపెట్టండి.

మన గోడ మీద ఫోటోలో ఉన్న డాక్టర్ అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడు. ఆయన హయాంలోనే ఫ్యాక్టరీల్లో వారానికి 48 గంటల పని నిబంధన వచ్చింది. కార్మికుల ఆరోగ్య బీమా మీద అదార్కర్‌ను నియమించింది కూడా అప్పుడే, 1943లో. తర్వాత 1948లో ఇ.ఎస్.ఐ. చట్టానికి అదే పునాది అయింది. కార్మికుడి భద్రతను ఆయన దానంగా చూడలేదు, హక్కుగా చూశారు. ఏటా ఆ ఫోటోకు దండ వేసే మనం, ఉద్యోగంలో చేరేటప్పుడు ఆ హక్కును అడగడానికి సిగ్గుపడకూడదు.

పిల్లల కోసం పనిచేయండి. మన కంటే బాగా ఆ పని ఎవరూ చేయలేరు. ముప్పై ఏళ్లపాటు చేయగలిగేలా, కాగితం చదివి, ప్రశ్నలు అడిగి చేరండి.