అందరికీ సరిపోయే మాట

"ఆయన నన్ను చూడగానే నా గుణమంతా చెప్పేశారండీ!" అని చాలామంది ఆశ్చర్యపోతుంటారు. చెప్పింది చిలుక జోస్యుడు కావచ్చు, చేతిరాత చూసేవారు కావచ్చు, పది ప్రశ్నలు అడిగే ఫోను పరీక్ష కావచ్చు. మాట మనకు సరిపోయినట్టు అనిపిస్తే అది నిజమేనా?

1948లో అమెరికాలో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టారు. తర్వాత ఒక్కొక్కరికీ ఫలితం అంటూ ఒక కాగితం ఇచ్చి, ఎంత బాగా సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమన్నారు. సగటు 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరి కాగితాల్లోనూ ఉన్నది ఒకటే! అందులో చాలా వాక్యాలు ఒక జ్యోతిష్యం పుస్తకంలోవి.

చదువుకున్నవారు కూడా ఎందుకు నమ్మారు? "మీరు పైకి ధైర్యంగా ఉంటారు, లోపల దిగులు పడతారు" అంటే కాదనేవారెవరు? కాస్త పొగడ్త కలిస్తే మరీ ఇష్టంగా ఒప్పుకుంటాం. "ఇది ప్రత్యేకంగా మీ కోసమే" అంటే ఇంకా నమ్ముతాం. కలిసినవి గుర్తుంటాయి, కలవనివి మరచిపోతాం.

"సరదాకి చెప్పించుకుంటే నష్టమేమిటి?" అంటారు కొందరు. సరదాతో ఆగితే నష్టం లేదు. కానీ ఇదే పద్ధతి ఆరోగ్యం విషయంలోకీ వస్తుంది. "మీకు నీరసం, నిద్ర సరిగా పట్టదు, అప్పుడప్పుడు నడుము నొప్పి" అని ఎవరైనా చెప్పగలరు. నలభై దాటిన వారిలో చాలామందికి అది సరిపోతుంది. ఆ నమ్మకంతో షుగరు, బి.పి. మాత్రలు మానేస్తే ప్రాణానికే ముప్పు. అలాగే నెలల తరబడి దిగులుతో ఉన్న మనిషికి "నీ స్వభావమే అంత" అంటే, నయం చేయగల జబ్బును గుణం అనుకుని ఊరుకుంటారు.

అసలైన పరీక్షకు తప్పని తేలే అవకాశం ఉండాలి. పరగడుపున రక్తంలో షుగరు 126 లేదా అంతకన్నా ఎక్కువని రెండుసార్లు తేలితే మధుమేహం అంటాం. ఆ అంకె అందరికీ ఒకేలా రాదు, మరో లాబులో సరిచూసుకోవచ్చు.

కాబట్టి ఎవరేం చెప్పినా రెండు ప్రశ్నలు వేసుకోండి: ఈ మాట మా పక్కింటివారికి కూడా సరిపోతుందా? ఇది తప్పయితే ఎలా తెలుస్తుంది? మా డాక్టర్లనూ ఇలాగే అడగండి. అడగడం మీ హక్కు, జవాబు చెప్పడం మా బాధ్యత.