సముద్ర పవన క్షేత్రాలలో జలచరాలకు ఆవాసం: ఆంధ్ర తీరానికి అందుతున్న పాఠాలు

పెద్దముడియం (కడప జిల్లా): పెద్దముడియం ప్రాంతపు పొలాల పక్కగా ప్రవహించే కుందూ నది పెన్నలో కలిసి, నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతాన్ని చేరుతుంది. తీరానికి దూరంగా ఉన్నప్పటికీ, ఇక్కడి నీరు, ఒండ్రు సముద్రంలోని జీవరాశి స్థితిగతులలో పాలు పంచుకుంటున్నాయి. రాయలసీమ కొండలపై గాలిమరలను, మైలవరం మండలంలో సౌర ఫలకాలను చూస్తున్న ఈ ప్రాంత ప్రజలకు పవన విద్యుత్తు కొత్త విషయం కాదు. అయితే గాలిమరలను సముద్రంలో నెలకొల్పినప్పుడు, వాటి పాదాల చెంత దెబ్బతిన్న సముద్రగర్భ దిబ్బలను (రీఫులను) పునరుద్ధరించవచ్చునా అన్నది నేడు పలు దేశాలలో చర్చనీయాంశమైంది.

దిబ్బ అంటే పగడమే కాదు

పగడాల పెరుగుదలకు తేట నీరు, తగినంత వెలుతురు, స్థిరమైన ఉప్పదనం అవసరం. గోదావరి, కృష్ణ, పెన్న నదులు తెచ్చే మంచినీరు, ఒండ్రు కారణంగా మన తీరంలో తమిళనాడు మన్నార్ సింధుశాఖలో ఉన్నటువంటి విస్తారమైన పగడపు దిబ్బలు ఏర్పడలేదు. విశాఖ తీరంలోని రాతి ప్రదేశాలను మినహాయిస్తే, సముద్రగర్భం అధికభాగం ఇసుక, బురదతో కూడినదే. కనుక ఇక్కడ దిబ్బ అంటే ఆలుచిప్పలు, నాచు అంటుకొని, చేపపిల్లలు దాగేందుకు వీలిచ్చే గట్టి తావు అని అర్థం చేసుకోవలసి ఉంటుంది.

విదేశాల అనుభవం

ప్రపంచంలో తొలి సముద్ర పవన క్షేత్రం 1991లో డెన్మార్క్‌లోని విండెబీ వద్ద 11 గాలిమరలతో ప్రారంభమైంది. వంతెన కాళ్ళ చుట్టూ రాయి పరచినట్లే, గాలిమర స్తంభం అడుగున ఇసుక కోసుకుపోకుండా బండరాళ్ళు పరుస్తారు. ఆ రాళ్ళే క్రమంగా జలచరాలకు నివాసమవుతాయి. నెదర్లాండ్స్‌లో ఉత్తర సముద్రపు పవన క్షేత్రాలలో స్థానిక ఆయిస్టర్లను తిరిగి పెంచే ప్రయోగాలు జరుగుతున్నాయి. తైవాన్‌లో 2022లో ఓర్‌స్టెడ్ సంస్థ, ఒడ్డుకు కొట్టుకువచ్చిన పగడపు గుడ్లను సేకరించి, వాటి పిల్లలను గాలిమర పునాదులపై పెంచే ప్రయత్నాన్ని చేపట్టింది.

ఈ ఫలితాలకు పరిమితులు కూడా ఉన్నాయి. స్తంభాలను దిగగొట్టేటప్పుడు వెలువడే ధ్వని జలచరాలకు హాని కలిగిస్తుంది. చేపలు అక్కడ కొత్తగా పెరుగుతున్నాయా, లేక వేరొక చోటి నుండి వచ్చి చేరుతున్నాయా అన్న చర్చ ముగియలేదు. విండెబీ గాలిమరలను 2017లో తొలగించారు. ఆవాసం ఏర్పడిన పునాదిని కాలం తీరిన తరువాత పెకలించాలా, ఉంచాలా అన్న ప్రశ్నకు సమాధానం నిర్మాణానికి ముందే నిర్ణయించుకోవలసినది.

దేశంలో పరిస్థితి

కేంద్ర ప్రభుత్వం 2015లో జాతీయ సముద్ర పవన విద్యుత్ విధానాన్ని ప్రకటించింది. గుజరాత్, తమిళనాడు తీరాలలో 500 మెగావాట్ల చొప్పున నెలకొల్పేందుకు 2024 జూన్‌లో రూ. 7,453 కోట్ల పథకాన్ని ఆమోదించింది. ఈ పథకంలో ఆంధ్రప్రదేశ్ లేదు.

దిబ్బల నిర్మాణం మాత్రం గాలిమరల కోసం వేచి ఉండలేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చాలా కాలంగా త్రిభుజాకారపు కాంక్రీటు దిమ్మెలను, బావి ఒరలను పోలిన వలయాలను సముద్రంలో దింపి కృత్రిమ దిబ్బలను రూపొందిస్తోంది. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ఆంధ్రప్రదేశ్ సహా తీర రాష్ట్రాలకు ఇటువంటి దిబ్బలు మంజూరయ్యాయి. అడుగును ఊడ్చే ట్రాల్ వలలకు ఇవి ఆటంకమై, గాలపు తాడుతో వేటాడే చిన్న మత్స్యకారులకు వంజరం, పార వంటి చేపలు లభించేందుకు తోడ్పడతాయి.

మత్స్యకారుల ప్రయోజనమే కొలమానం

మన రాష్ట్రంలో తీరం నుండి 8 కిలోమీటర్ల వరకు గల జలాలు సంప్రదాయ మత్స్యకారులకు ప్రత్యేకించబడినవి. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం అమలవుతున్నది. నెదర్లాండ్స్‌లో పవన క్షేత్రాల లోపల ట్రాల్ వలలను నిషేధించడం అడుగు జీవరాశి కోలుకునేందుకు దోహదపడింది. అదే నిషేధాన్ని ఇక్కడ చిన్న పడవలకు కూడా వర్తింపజేస్తే జీవనాధారమే దెబ్బతింటుంది.

కావున భవిష్యత్తులో ఆంధ్ర తీరంలో పవన క్షేత్రాలను ప్రతిపాదించినట్లయితే, ఆవాస పునరుద్ధరణ, చిన్న పడవల ప్రవేశ హక్కు, కాలం తీరిన పునాదుల భవితవ్యం అనే మూడు అంశాలను అనుమతి పత్రంలోనే పొందుపరచడం అవసరం. నిర్మాణం పూర్తయిన పిమ్మట చేర్చే షరతులు సముద్రానికీ, మత్స్యకారునికీ అంతగా మేలు చేయజాలవు.