పేటలోని పిల్లల చోటు

మొన్న ఆదివారము సాయంకాలము మేము మా యింటి పిల్లలను, ఇరుగుపొరుగు పిల్లలను కలిపి ఏడుగురిని వెంటబెట్టుకొని మా పేటలోని చిన్న పార్కునకు పోయితిమి. బెజవాడ యెండను గూర్చి చదువరులకు వేఱుగ చెప్పబనిలేదు. అయిదు గంటలు దాటినను కాలువగట్టు మీది గాలి వేడిగనే వీచుచుండెను. పిల్లలకు ఆ వేడితో పనిలేదు. గేటు కనబడినంతనే మా చేతులు విడిపించుకొని పరుగెత్తిరి.

ఆ పార్కు పెద్దది కాదు. నాలుగైదు ఇండ్ల స్థలములకు మించదు. రెండు ఊయలలు, ఒక ఇనుప జారుడుబల్ల, కొన్ని సిమెంటు బెంచీలు, పెద్దలు నడచుటకు చుట్టును ఒక బాట, ఒక మూల వేపచెట్టు, దాని క్రింద గడ్డి మొలవని మట్టినేల. ఊయలలలో నొకదాని గొలుసు తెగియున్నది. జారుడుబల్ల పగలెల్ల ఎండకు కాగి, చేయి పెట్టిన చుఱ్ఱుమనుచున్నది. గేటుకడ నొక పలక కలదు. పరుగెత్తరాదు, బంతియాట ఆడరాదు, గడ్డిపై నడువరాదు, కేకలు వేయరాదు అని దానిపై వరుసగా వ్రాయబడియున్నది. ఆ పలకను వ్రాయించినవారు చెడ్డవారు కారు. కాని పిల్లలు అచట చేయదగిన దేమో తెలుపు పంక్తి యొక్కటియు దానిలో లేదు.

ఉన్న ఊయల ఒకటి. చేరిన పిల్లలు పదునొకండుగురు. మేము లేచి వరుస ఏర్పఱుపవలెనని తలచునంతలో తొమ్మిదేండ్ల బాలిక యొకతె, "ఒక్కొక్కరికి ఇరవై ఊపులు, అందరూ గట్టిగా లెక్కపెట్టాలి" అని చట్టము చేసినది. అందఱును ఒప్పుకొనిరి. ఒక పిల్లవాడు ఇరువదిమూడవ ఊపునకు పోగా తక్కిన పదిమందియు ఒక్క గొంతుతో కేక వేసిరి. వాడు నవ్వుచు దిగెను. ఇరువది యేండ్లుగా న్యాయస్థానములలో వాదించుచున్న మాకు, వాయిదా లేని తీర్పును, తీర్పు వెంటనే అమలును, ఓడినవాని మొగమున నవ్వును ఒక్కచోట చూచుట అదియే మొదలు. తన వంతు వచ్చువఱకు ఆగుట, వంతు తీఱినంతనే దిగుట, చిన్నవాని వంతును పెద్దవాడు మ్రింగకుండ కాపాడుట. పౌరధర్మమున ఇంతకు మించిన పాఠ మేది? ఈ పాఠమును చెప్పుటకు ఉపాధ్యాయుడు అక్కఱలేదు, పుస్తకము అక్కఱలేదు. కొంచెము నేల మాత్రము కావలెను.

అపుడు గేటు వెలుపల ఇద్దఱు పిల్లలు నిలిచియుండుట చూచితిమి. అక్క చంకలో చంటిబిడ్డ. తమ్ముడు గేటు ఊచలు పట్టుకొని, లోపలి పిల్లలతోపాటు ఊపులు లెక్కించుచున్నాడు. మేము వారిని రమ్మని పిలువగా కాపలావాడు అడ్డువచ్చి, "అయ్యగారూ, వాళ్లు బయటి పిల్లలండీ. రానిస్తే పెద్దలు నన్ను కోప్పడతారండీ" అని చేతులు నలుపుకొనెను. అతడు కూలికి నిలిచినవాడు. అతనిపై కోపించి ప్రయోజనము లేదు. ఇంతలో ఏడేండ్ల మా మేనల్లుడు వచ్చి, "మామయ్యా, ఈ పార్కు ఎవరిది?" అని అడిగెను. అందఱిదియు నని చెప్పితిమి. "మరి వాళ్లది కాదా?" అని వాడు గేటువైపు చేయి చూపెను. మేము పూచీపడి ఆ పిల్లలను లోనికి పిలిపించితిమి. ఆ బాలునికిని ఇరువది ఊపులు దక్కినవి. కాని యొక పెద్దమనిషి సిఫారసుమీద దక్కినది దయ యగునుగాని హక్కు కాదు. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ పిల్లవాని ప్రశ్నయే కారణము.

ఈ పార్కు ఎవరిది? వ్యవసాయభూమిని ఇండ్ల స్థలములుగ విభజించునపుడు నూటికి పది పాళ్లు బహిరంగ స్థలముగ విడువవలెనను నియమము మన రాష్ట్రమున చిరకాలముగ నున్నది. ఇల్లు కొన్న ప్రతివాడును తన గజముల ధరలో ఆ పది పాళ్ల ధరను గూడ చెల్లించియే యున్నాడు. అట్లని అది కొన్నవారికే చెందినది కాదు. ప్లాను ఆమోదింపబడి, ఆ స్థలము ప్రజాసంస్థ వశమైన క్షణమునుండి అది ప్రజలది; సంస్థ దానికి ధర్మకర్త మాత్రమే. బెంగుళూరులో ఒక పేటకు పార్కుగా నిర్ణయింపబడిన స్థలమును ఒక ప్రైవేటు ఆసుపత్రి నిర్మాణమునకు ఇచ్చినపుడు ఆ పేటవారు న్యాయస్థానమునకు ఎక్కిరి. బెంగుళూరు మెడికల్ ట్రస్టు, ముద్దప్ప అను పేర న్యాయవాదులందఱు ఎఱిగిన ఆ వ్యవహారమున 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తీర్పుచెప్పినది. ఆసుపత్రి మంచిపనియే; అయినను పార్కునకు విడిచిన నేల పార్కుగానే నుండవలెను. అటుపై నివాసులకు అడుగు హక్కు కలదు. తమిళనాట 1959లోను, కన్నడదేశమున 1985లోను పార్కులను, ఆటస్థలములను కాపాడుటకే ప్రత్యేక చట్టములు చేయబడినవి. ఐక్యరాజ్యసమితివారి 1989 బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణమున విశ్రాంతియు, ఆటయు బాలునికి హక్కులని చెప్పుచున్నది. భారతదేశము 1992లో దానికి కట్టుబడినది. మన 2009 విద్యాహక్కు చట్టము ప్రతి బడికిని ఆటస్థల ముండవలెనని షరతు విధించినది. మేడమెట్లమీద సాగు బడులను మనమందఱము ఎఱిగియే యున్నాము కనుక ఈ విషయమును పొడిగింపము.

కొందఱు, "ఊరిలో పెద్ద పార్కులు లేవా?" అని యడుగుదురు. ఉన్నవి. కృష్ణయొడ్డున రాజీవ్‌గాంధీ పార్కు కలదు. 1968లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్‌గారు గాంధీస్తూపమును ఆవిష్కరించిన గాంధీకొండ కలదు. దానిపై పిల్లల రైలు కలదు. అవి తిరునాళ్లవంటివి. ఏటికి రెండుమాఱులు ఆటోకు డబ్బిచ్చి పోయి వచ్చుట వేడుకయే. కాని పండుగ భోజనము వేఱు, నిత్యాన్నము వేఱు. ఆఱేండ్ల పిల్లవాడు ఒంటరిగా పోయి రాగల చోటు ఏది? అమ్మ వాకిట నిలిచి కేక వేసిన వినబడునంత దూరములో నున్నదే వాని చోటు. ఆ దూరమే కొలతబద్దగా బెజవాడలోని పేటలన్నిటిని కొలిచి చూడుడు. ఒకవైపు కొండలు, ఒకవైపు కృష్ణ, నడుమ బందరు, ఏలూరు, రైవసు కాలువలు. వీని సందున ఇఱుకుకొని పెరిగిన పట్టణ మిది. 1888లో పురపాలక సంఘ మేర్పడిన నాడు ఊరిచుట్టు చేలు, తోపులు, ఏటి ఇసుక. పిల్లలకు ప్రత్యేకముగ చోటు విడువవలెనని తలచువారు లేకున్నను చోటునకు లోటు లేదు. 1981లో నగరపాలక సంస్థ ఏర్పడునాటికి చేలు వీథులైనవి. అటుపిమ్మట వీథులలోని ఇండ్లు అంతస్తులైనవి. ఇపుడు మిగిలినది చట్టము మిగిల్చిన ఆ పది పాళ్లే. దానిని గూడ పోగొట్టుకొన్నచో మఱల కొనుటకు ఎంత ధనమున్నను భూమి దొరకదు.

చిన్న చోటు వలన ప్రయోజన మేమని సందేహించువారికి ఒక విదేశపు ఉదాహరణము చెప్పుదుము. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట హాలెండులోని ఆమ్‌స్టర్‌డాం నగరమున ఆల్డో వాన్ ఐక్ అను యువ వాస్తుశిల్పి, 1947 మొదలు ముప్పదేండ్లకు పైగా, వీథిమూలలను, ఇండ్లమధ్య పాడువడిన జాగాలను పిల్లల ఆటస్థలములుగ మార్చెను. అట్టివి ఏడువందలకు పైగా ఏర్పడినవి. వానిలో విలువైన యంత్రములు లేవు. ఇసుకగుంట, ఎగబ్రాకుటకు ఇనుపకమ్ములు, దుముకుటకు రాతిదిమ్మెలు, అంతియే. ఎక్కువచోట్ల కంచెయు లేదు. ఆ స్థలము చిన్నదైనను పిల్లవాని యింటికి దగ్గరగా నుండుటయే దానికి బలము. మన 1921 బెజవాడ కాంగ్రెసు కమిటీ సభ దేశమును కోరిన వానిలో ఇరువది లక్షల రాట్నములు ఒకటి. ఒక్క పెద్ద మిల్లును గాక, ఇంటింట నొక చిన్న రాట్నమును కోరినది. ఈ పట్టణమునకు ఆ లెక్క క్రొత్తది కాదు.

ఇక మా తప్పును చెప్పుకొనవలసియున్నది. గత సంవత్సరము మేమును, మా పఠనమందిర మిత్రులును కలిసి, ఆ పార్కులో "నిరుపయోగముగ పడియున్న" వేపచెట్టు మూలను పఠనమందిర భవనమునకు ఇప్పింపవలసినదిగా అధికారులకు అర్జీ పెట్టితిమి. ఆ అర్జీ వ్రాసిన చేయి ఇదియే. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టిన ఊరిలో పఠనమందిరమునకు అద్దెగది తప్ప వేఱు చోటు లేకపోవుట అవమానమని వాదించితిమి. వాదము బలముగనే యున్నది. మొన్న ఆదివారము ఊయల పని ముగిసిన పిమ్మట పిల్లలందఱు ఎచటికి పోయిరో చూచితిమి. ఆ వేపచెట్టు క్రిందికే పోయిరి. అచట బిళ్లంగోడు గుంట యున్నది. ఇటుకముక్కతో గీచిన తొక్కుడుబిళ్ల గడులు ఉన్నవి. వేపకొమ్మ యొకటి కోతికొమ్మచ్చికి ఎక్కి ఎక్కి నున్నబడియున్నది. బయటినుండి వచ్చిన ఆ బాలుడు నిమిషములో అందఱికంటె పైకొమ్మకు ఎక్కెను. ఆ మూలకు నిరుపయోగమను పేరు పెట్టినది మేము. పిల్లల నడిగి పెట్టలేదు.

మేము ఆ అర్జీని మరలించుకొనుచు సోమవారముననే లేఖ యిచ్చితిమి. మిత్రులలో కొందఱికి కోపము వచ్చినది. వారికి మేము చెప్పున దిది: పుస్తకము మేడపైకి ఎక్కగలదు, బిళ్లంగోడు ఎక్కలేదు. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదపాలెమునుండి గ్రంథాలయమును పడవకెక్కించి కాలువ యూళ్లకు త్రిప్పిన దేశ మిది. పుస్తకమునకు దారులు పెక్కు కలవు. పిల్లవాని పరుగునకు నేల తప్ప వేఱుదారి లేదు. గుడియైనను, నీళ్లతొట్టియైనను, వార్డు కచేరియైనను, తుదకు మా పఠనమందిరమైనను, మంచిపని పేర పిల్లల నేలపైకి వచ్చునపుడు మనము ఒక్కటే మాట అనవలెను: మంచిపనియే, కాని ఇచట కాదు.

అల్లరియని, కిటికీ అద్దములు పగులుననియు కొందఱు పెద్దలు చెప్పుదురు. వారి బాధ నిజమే. మధ్యాహ్నము రెండు గంటలు, రాత్రి తొమ్మిది దాటిన పిమ్మట నిశ్శబ్దము కోరుట న్యాయము. అయితే నాలుగు గంటలకు ఆటను నిషేధించి, అయిదు గంటలకు పిల్లలు ఫోను విడువకున్నారని వగచుట ఏ న్యాయము? నిర్వహణకు డబ్బులేదని అధికారు లందురు. తెగిన గొలుసునకు ఒక కొక్కెము, ఇనుప బల్లకు ఒక చెట్టునీడ; వీనికి కావలసినది ధనముకంటె శ్రద్ధ.

కనుక మేము కోరునవి నాలుగే. మొదటిది, ప్రతి వార్డులోని బహిరంగ స్థలముల జాబితాను, సర్వే నంబరుతోను విస్తీర్ణముతోను అచ్చువేయించి, ఆయా స్థలములకడ పలకలపై వ్రాయింపవలెను. ఇన్ని గజములని వ్రాసియున్న నేలను ఆక్రమించుట కష్టము. రెండవది, గేటుకడ "బయటి పిల్లలు" అను మాట వినబడరాదు. ప్రజల నేలపై బయటి పిల్ల లెవరును లేరు. మూడవది, క్రొత్త ఇనుప సామానుకంటె ముందు నీడచెట్లను నాటవలెను. కొంత మట్టినేలను మట్టిగానే విడువవలెను. నాలుగవది, పన్నెండేండ్లు దాటిన బాలికలు బెంచీలపై కూర్చుండి తమ్ముల ఆటను చూచుటకే పరిమితము కాకుండ, వారికిని ఆడు వేళలు, వెలుతురు ఉండునట్లు చేయవలెను. చట్టము చేసిన ఆ తొమ్మిదేండ్ల బాలిక మూడేండ్లకు ఆ బెంచీమీదికి పోవుట మాకు ఇష్టము లేదు.

చదువరులారా! పత్రిక చదివి మడిచిపెట్టుట సులభము. ఈ వారము ఒక సాయంకాలము మీ పేట పార్కునకు పిల్లలతో పోయి, బెంచీమీద కూర్చుండి, ఒక గంటసేపు ఏమియు చెప్పక చూడుడు. గేటువెలుపల ఎవరైన నిలిచియున్నారేమో ముఖ్యముగ చూడుడు. మేము వచ్చు ఆదివారమును పోవుచున్నాము. ఆ కాపలావానికి ఈసారి మా పూచీ చెప్పబోము. ఆమోదిత ప్లాను నకలు చూపింతుము.