ఫౌంటెన్‌కు మంచినీళ్లు, మనిషికి డబ్బా నీళ్లు

తణుకు నుంచి తాడేపల్లిగూడెం పోయే దారిలో ఒక లేఅవుట్ ఉన్నది. పేరు రాయం. ఉచిత ప్రచారం మా పని కాదు. ఎండాకాలంలో ఒక పెండ్లికి పోయి దాన్ని చూసి వచ్చినం. గేటు నుంచి క్లబ్ హౌస్ దాకా టైల్స్ బాట. బాటకు రెండు దిక్కులా గడ్డిలో దాచిపెట్టిన ఫౌంటెన్లు. మనం అడుగు వేస్తే సెన్సర్ కనిపెడతది, పక్కన నీళ్లు లేస్తయి. ఇంకో నాలుగడుగులు వేస్తే ఇంకోటి లేస్తది. పెండ్లికొచ్చిన పిల్లలు ఎగిరి గంతులేసినరు. అబద్ధమెందుకు, మేమూ రెండుసార్లు ఊరికే అటూ ఇటూ నడిచినం.

ప్రహరీ బయట చిన్న కాలనీ. అక్కడి ఆడవాళ్లు ఇరవై లీటర్ల డబ్బాలు పట్టుకొని ప్లాంటు ముందు నిలబడ్డరు. కొనుక్కునే నీళ్లకు కూడా లైనే. తోట మాలిని అడిగినం, మరి ఈ ఫౌంటెన్లకు ఏ నీళ్లు పోస్తరని. ఆయన దాచలేదు. "ఉప్పునీళ్లు పోత్తే నాజిళ్లు పట్టేత్తాయండి. అందుకని మంచినీళ్ల ట్యాంకరే తెప్పిత్తారండి" అన్నడు.

ఉప్పు పేరుకొని ఇత్తడి నాజిల్ చెడిపోతదని అంత జాగ్రత్త! అవే నీళ్లు తాగే మనిషి గురించి ఆ జాగ్రత్త ఎవరికున్నది? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

తణుకు ముచ్చట మీకెందుకని అడిగేవాళ్లుంటరు. మా పేచీ ఎప్పుడైనా పాలకులతోనే. డబ్బా మోసే తణుకు అక్కతో మాకు ఏ పేచీ లేదు. వాళ్లు కుళాయి అంటరు, మనం నల్లా అంటం. ఎండాకాలం రెండింట్లోనూ ముందు వచ్చేది గాలే.

యంత్రాల మీద మాకు కోపం లేదు. ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం తయారు చేసిన ఊరు తణుకు. ఆ ఊళ్లో సెన్సర్ చూసి నోరు తెరిచేవాళ్లు ఎవరూ ఉండరు. ఇదేమీ బ్రహ్మవిద్య కూడా కాదు. ఒంటి వేడి నుంచి వచ్చే పరారుణ కిరణాల్లో తేడా రాగానే సెన్సర్ సంకేతం పంపుతది. సోలినాయిడ్ వాల్వు తెరుచుకుంటది. కొన్ని సెకన్లకు మూసుకుంటది. పాలిటెక్నిక్ విద్యార్థులు ప్రాజెక్టు పనికింద చెయ్యగలరు. తిరకాసు ఒక్కటే. గాలి వేడి మనిషి ఒంటి వేడి దగ్గరికి వచ్చిందంటే ఈ రకం సెన్సర్‌కు మనిషి సరిగా ఆనడు. మిట్టమధ్యాహ్నం చెమటలు కక్కుతూ వచ్చిన ఒక ముసలాయనకు ఒక్క ఫౌంటెనూ లేవలేదు. పొద్దుగూకినంక ఒక కుక్క పోతే వరసబెట్టి లేచినయి.

ఈ సరదా కొత్తది కాదు. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ దగ్గర హెల్‌బ్రున్ అనే తోట ఉన్నది. 17వ శతాబ్దం మొదట్లో అక్కడి ఆర్చిబిషప్ కట్టించుకున్నడు. రాతి బల్ల చుట్టూ రాతి పీటలు. విందు నడుమ అతిథుల పీటల్లోంచి నీళ్లు చిమ్ముతయి. దొర కూర్చునే పీటలోంచి మాత్రం రావు. నాలుగు వందల ఏండ్ల నాడు చాటున ఒక మనిషి మీట తిప్పేది. ఇప్పుడు ఆ పని సెన్సర్ చేస్తున్నది. ఎవరి పీట పొడిగా ఉండాలన్న లెక్క మాత్రం మారలేదు.

అవే నీళ్లు మళ్లీ మళ్లీ తిరుగుతయి, వృథా ఎక్కడిదని వాదించేవాళ్లున్నరు. సగం నిజం. నలభై డిగ్రీల ఎండలో సన్నని తుంపర ఎంత కింద పడతది, ఎంత గాలిలో కలుస్తది? తిరిగే నీళ్లలో క్లోరిన్ తగ్గితే ఆ తుంపరతోనే లెజియొనెల్లా లాంటి బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి పోతది. పిల్లలు ఆడేది ఆ తుంపరలోనే.

ఇంతకూ సెన్సర్ ఎక్కడ ఉండాలె? ఆ జిల్లాలకే పోదాం. 2020 డిసెంబర్ మొదటి వారంలో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయినరు. 500 మందికి పైగా ఆస్పత్రుల పాలైనరు. ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ ఉన్నయన్నరు. పురుగుమందుల అవశేషాల మీద అనుమానం వచ్చింది. నీళ్లా, కూరగాయలా అని రోజుల తరబడి వెతికినరు. సీసాన్నీ పురుగుమందునూ పట్టడానికి ల్యాబు కావాలె, ఈ చిన్న పరికరం చాలదు, ఒప్పుకుంటం. కానీ ట్యాంకులో క్లోరిన్ ఎంత, మురికి ఎంత, లవణాలెన్ని అని గంట గంటకూ రాసిపెట్టే మీటర్లు మార్కెట్లో దొరుకుతయి. అట్లాంటి లెక్క చేతిలో ఉంటే నీళ్ల మీది అనుమానం తేల్చడానికి అన్ని రోజులు పట్టేదా?

కొల్లేరు సంగతి ఇంకో పురాణం. 1999లో అభయారణ్యం అన్నరు, 2002లో రాంసర్ జాబితాలో పెట్టినరు, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినరు. అయినా బుడమేరు, తమ్మిలేరు ఏ రాత్రి ఎంత నీటితో వస్తయో కింద ఉన్నోళ్లకు ముందుగా తెలువదు. 2024 సెప్టెంబర్‌లో అదే బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. అక్కడ ఒక్కో ఇంటి మెట్టు దగ్గర నీళ్లు లేచినయి, ఏ సెన్సరూ లేకుండనే!

మన ఇంటి ముచ్చట దాటవేస్తే మాకు ముఖం చెల్లదు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ మీద 180 మీటర్ల పొడవున సుమారు 17 కోట్లతో తేలే మ్యూజికల్ ఫౌంటెన్ పెట్టినరు. లైట్లు, పాటలు అన్నీ బాగున్నయి. గాలి ఇటు తిరిగితే ముక్కు మూసుకోవాల్సిందే. నాలాల మురికి ఆపకుండా ఆ నీళ్లనే పైకి ఎగజిమ్మితే అందమైతదా? చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్ కూడా ఫౌంటెనే. అది బజారు నడుమ ఉన్నది, ప్రహరీ లోపల కాదు.

ఉద్యోగ మిత్రులు ఇంజినీరింగ్ శాఖల్లో ఉన్నరు, ఫైళ్లు వాళ్ల బల్లల మీది నుంచే పోతయి. బ్యూటిఫికేషన్ పేరుతో ఫౌంటెన్ ఫైలు వచ్చిన రోజు ఒక్క నోట్ రాయండి. నల్లా చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని భారత ప్రమాణాలు చెప్తున్నయి. ఈ ఊళ్లో చివరి ఇంటి దగ్గర ఎంత ఉన్నది? కొలిచిన తేదీ ఏది? విద్యార్థి మిత్రులు ప్రాజెక్టు కోసం సెన్సర్లు కొంటనే ఉంటరు. ఈ ఏడాది ఒకటి మీ వాడకట్టు ట్యాంకుకు పెట్టండి, వచ్చిన అంకెలు గ్రామపంచాయతీ గోడ మీద రాయండి. మాకు పంపితే ఊరి పేరుతో సహా అచ్చేస్తం.